చలికాలానికి నాలుగు టైర్లు: విజయవాడ–గుంటూరు కారు, పని డైరీ

కారు: 185/65 ఆర్15 టైర్లు వాడే పెట్రోలు హ్యాచ్‌బ్యాక్. ముందు చక్రాల డ్రైవ్, ఏబీఎస్ ఉంది.
తిరుగుడు: వారానికి రెండు రోజులు తెల్లవారుజామున బెంజి సర్కిల్ నుంచి గుంటూరు, సాయంత్రం తిరిగి. డిసెంబరు ఆఖర్లో ఒకసారి నర్సీపట్నం మీదుగా లంబసింగి.
పాత టైర్లు: 2020లో 9వ వారం తయారైనవి. తిరిగింది 41,000 కి.మీ.
పని మొదలు: 2025 నవంబరు రెండో వారం.

దశ 1: ఏ మంచుకు టైరు?

తెల్లారుగట్ల గడ్డి మీద ఉండేదీ మంచే, మంగళగిరి దాటాక ఎదుటి లారీని మింగేసేదీ మంచే, మనాలీలో పారలతో ఎత్తిపోసేదీ మంచే. తెలుగులో మాట ఒకటే గానీ, టైరు దగ్గరికొచ్చేసరికి మూడూ వేరు. మనకు పడేవి మొదటి రెండే. అందుకే మూడు కొండ శిఖరాల మధ్య మంచుపువ్వు గుర్తున్న అసలు సిసలు వింటర్ టైరును మొదటి రోజే జాబితాలోంచి కొట్టేశాం.

కారణం రబ్బరు. 7 డిగ్రీల కన్నా తక్కువ చలిలో కూడా గట్టిపడకుండా ఉండేలా ఆ రబ్బరును కలుపుతారు. నేలను తాకే ట్రెడ్ దిమ్మెల నిండా బ్లేడుతో కోసినట్టు సన్నటి చీలికలుంటాయి, అవి మంచును కరుచుకుంటాయి. విజయవాడలో జనవరి తెల్లవారుజామున కూడా 18 డిగ్రీలకు అటూ ఇటూ ఉంటుంది, మధ్యాహ్నం 30కి చేరుతుంది. ఆ వేడికి మెత్తటి దిమ్మెలు బ్రేకు వేసినప్పుడల్లా వంగిపోతాయి. ఆగే దూరం పెరుగుతుంది, అరుగుదల కూడా ఎక్కువే. ఇక మే నెల తారు మీద ఆ టైర్లు ఎన్నాళ్లు నిలుస్తాయో చెప్పక్కర్లేదు.

ఎస్‌యూవీ టైర్ల మీద కనపడే ‘ఎం ప్లస్ ఎస్’ గుర్తు చూసి మంచు టైరనుకోవద్దు. బురదకు, మంచుకు పనికొచ్చే నమూనా అని కంపెనీ తనంతట తాను వేసుకునే ముద్ర అది. పరీక్ష నెగ్గితేనే వేసేది కొండల గుర్తు.

మన చలికాలంలో టైరుకు వచ్చే అసలు కష్టాలు ఇవి:

1. నవంబరు, డిసెంబరు తుపాను వానలు. 2023లో మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది డిసెంబరు 5న.
2. వరి కోతల రోజుల్లో ట్రాక్టర్లు, కోత మిషన్లు పొలాల్లోంచి తారు మీదికి మోసుకొచ్చే నల్లరేగడి. రాత్రి మంచుకు తడిసి సబ్బులా తయారవుతుంది.
3. చలికి తగ్గిపోయే గాలి. ఈ డైరీలో ఎక్కువ చోటు దీనికే పోయింది.

పొగమంచుకు టైరు చేసేదేమీ లేదు. కనిపించినంత దూరంలో ఆగగలిగే వేగంలో పోవడం డ్రైవరు పని.

పక్క చీటీ, పిల్లలు విదేశాల్లో ఉన్నవాళ్లకు: అక్కడి లెక్క వేరు. జర్మనీలో రోడ్డు మీద మంచు, ఐసు ఉంటే వింటర్ టైర్లు చట్ట ప్రకారం తప్పనిసరి. 2024 అక్టోబరు నుంచి కొండల గుర్తున్న వాటినే ఒప్పుకుంటున్నారు, ఒట్టి ‘ఎం ప్లస్ ఎస్’ చెల్లదు. వేస్తే నాలుగూ వేయాలి. డ్రైవ్ ముందుంది కదా అని ముందు రెండే మారిస్తే, మలుపులో వెనక భాగం ముందుకు తిరిగిపోతుంది.

దశ 2: పాత టైర్ల కొలతలు

పనిముట్టు: ట్రెడ్ లోతు గేజి, రూ. 250. లేకపోతే అగ్గిపుల్లను గాడిలో నిలబెట్టి, గోటితో గుర్తుపెట్టి, స్కేలు మీద కొలిచినా అర మిల్లీమీటరు తేడాలో వస్తుంది. ప్రతి టైరును మూడు చోట్ల కొలవాలి: లోపలి అంచు, మధ్య, బయటి అంచు. ఒక్క మధ్యలోనే కొలిచి ‘ఇంకా 3 ఉంది’ అని సంబరపడితే ఏమవుతుందో కింది అంకెలే చెబుతాయి.

ముందు ఎడమ: 1.9 / 3.0 / 2.8 మి.మీ.
ముందు కుడి: 1.8 / 3.1 / 2.7
వెనక ఎడమ: 3.3 / 3.9 / 3.4
వెనక కుడి: 3.4 / 4.0 / 3.3
స్టెప్నీ: 6.8 అంతటా. కానీ పక్కగోడ నిండా వెంట్రుక పగుళ్లు.

కొత్త కారు టైరులో ట్రెడ్ సుమారు 8 మి.మీ. ఉంటుంది. చట్టం ఒప్పుకునే కనీసం 1.6. గాడి అడుగున చిన్న గట్టులా ఉండే గుర్తు ఆ మట్టానికే పోస్తారు. 1.6 దాకా ఆగడం ఎండ రోడ్డుకు సరిపోతుందేమో గానీ, నిలిచిన నీళ్లను పక్కకు తోయడానికి 3 లేకపోతే కష్టం.

అంకెల్లో రెండు జబ్బులు కనపడ్డాయి.

ఒకటి: ముందు రెండూ లోపలి అంచున అరిగాయి. ఇది టో, అంటే పైనుంచి చూస్తే ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే తీరు, బయటికి తెరుచుకున్న లక్షణం. ఒకవైపు టై రాడ్ ఎండ్ (స్టీరింగును చక్రానికి కలిపే కడ్డీ చివరి కీలు) వదులైనా అరుగుదల రెండు వైపులా పంచుకుంటుంది, కాబట్టి ఏ వైపుదో టైరు చూసి చెప్పలేం. చక్రం లేపి, అడ్డంగా పట్టుకుని ఊపితే ఎడమ వైపు టకటకమంది.

రెండు: వెనక రెండూ అంచుల్లో అరిగి మధ్యలో మిగిలాయి. గాలి తక్కువతో తిరిగిన గుర్తు ఇది. అయితే పదిహేను రోజులకోసారి బంకులో 33 పీఎస్‌ఐ (టైరులో గాలి పీడనం కొలత) కొట్టిస్తూనే ఉన్నారు. ఇక్కడే పని దారి మళ్లింది.

దశ 3: గేజి గొడవ

డిజిటల్ గేజి రూ. 900. అదే టైరు, అదే నిమిషం:

బంకు మిషన్: 33
పంక్చర్ షాపు పెన్ను గేజి: 31
డిజిటల్: 29.6

ఏది నిజం? ఆటోనగర్‌లో క్యాలిబ్రేషన్ స్టిక్కర్ ఉన్న గేజితో పోలిస్తే డిజిటల్‌కు తేడా 0.4 మాత్రమే. అంటే బంకు మిషన్ మూడు పైచిలుకు ఎక్కువ చూపిస్తోంది. పైపు రోజూ నేల మీద పడి, బండ్ల కింద నలిగే గేజి అది. దాన్ని ‘గాలి పోయడానికి’ మాత్రమే వాడి, కొలత సొంత గేజితో తీసుకోవడం మేలు.

రెండో పొరపాటు కొలిచే వేళలో ఉంది. డిజిటల్ గేజితోనే మధ్యాహ్నం 2 గంటలకు, 12 కి.మీ. తిరిగొచ్చిన వేడి టైర్లలో సరిగ్గా 33 పెట్టాం. మర్నాడు పొద్దున 5:30కి, 18 డిగ్రీల దగ్గర కొలిస్తే 28.6.

గాలి ఎక్కడా లీకు కాలేదు. లెక్క ఇది: గేజి చూపించే 33కు బయటి వాతావరణ పీడనం 14.7 కలిపితే 47.7. టైరు లోపలి గాలి 48 డిగ్రీల నుంచి 18కి చల్లబడితే, అంటే కెల్విన్‌లో 321 నుంచి 291కి వస్తే, 47.7 కాస్తా 43.2 అవుతుంది. అందులోంచి 14.7 తీసేస్తే 28.5. గుర్తుకు చెప్పాలంటే ప్రతి 6, 7 డిగ్రీల తేడాకు ఒక పీఎస్‌ఐ.

గాలి తగ్గితే వానలో ఏమవుతుంది? నీటి మీద టైరు తేలిపోయే వేగానికి నాసా విమానాల టైర్ల మీద కట్టిన పాత సూత్రం ఒకటుంది: పీఎస్‌ఐ వర్గమూలాన్ని 16.7తో గుణిస్తే గంటకు కి.మీ. వస్తుంది. 33కు 96, 28.5కు 89, 25కు 83. కారు టైరుకు ఇది ఉజ్జాయింపే. ట్రెడ్ లోతు దీని లెక్కలో లేదు, గుండు టైరైతే ఇంకా ముందే తేలుతుంది. కానీ దిశ మాత్రం స్పష్టం: గాలి ఎంత తక్కువైతే అంత తక్కువ వేగంలోనే పట్టు పోతుంది.

మార్చిన పద్ధతి:

1. కొలత పొద్దున్నే, బండి కదలక ముందు. కనీసం మూడు గంటలు ఆగి ఉండాలి.
2. అంకె డ్రైవరు తలుపు చట్రం మీది స్టిక్కరు చూసి. టైరు పక్కగోడ మీద ఉండేది గరిష్ఠం, పెట్టాల్సింది కాదు.
3. గుంటూరు చేరాక కొలిస్తే 36.8 చూపింది. ఎక్కువైందని వదలొద్దు. వదిలితే మర్నాడు పొద్దున మళ్లీ 29.
4. నెలకు రెండుసార్లు. నవంబరు నుంచి జనవరి దాకా వారానికోసారి.

నైట్రోజన్ గురించి అడిగేవాళ్లకు: మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది, చలికి తగ్గడంలో రెండూ ఒకటే. డబ్బులు మిగిలితే టీ తాగండి.

ఇప్పటిదాకా: 250 + 900 = రూ. 1,150

దశ 4: బ్రేకు పరీక్ష, మొదటిసారి చెడింది

ఉద్దేశం: పాత టైర్లకు, కొత్తవాటికి తడి రోడ్డు మీద ఆగే దూరం పోల్చడం. చోటు: ఇళ్లు కట్టని లేఔటులో 300 మీటర్ల తారు రోడ్డు, రెండు చివరలా మనిషి కాపలా. వేగం 40. ట్యాంకరు నీళ్లు రూ. 700.

మొదటి రోజు కొలతలు 17.2, 15.0, 13.6 మీటర్లు. ఒకే టైరు, ఒకే వేగం, ఇంత తేడానా? కిందికి వంగి వేలితో రుద్దితే తెలిసింది. రోడ్డు మీది దుమ్ము నీళ్లతో కలిసి పేస్టులా అయింది, బండి వెళ్లిన కొద్దీ కొట్టుకుపోయింది. ఆ అంకెలను పారేశాం. అయితే ఎండ తర్వాత పడే మొదటి చినుకులే ఎందుకు జారుడో ఆ 17.2 చూపించింది.

రెండో రోజు ముందుగా చీపురుతో ఊడ్చి, ఒక విడత నీళ్లతో కడిగి, తర్వాత తడిపి కొలిచాం. మళ్లీ రూ. 700.

పాత టైర్లు, చల్లగా 33 పీఎస్‌ఐ: 13.1, 12.7, 13.0. సగటు 12.9 మీ.

ఇప్పటిదాకా: 1,150 + 1,400 = రూ. 2,550

దశ 5: ఎంపిక

సైజు ముందు తేలాలి. 185/65 ఆర్15 వ్యాసం: 185 మి.మీ. వెడల్పులో 65 శాతం, అంటే పక్కగోడ ఎత్తు, 120.25, దానికి రెండింతలు 240.5, 15 అంగుళాల రిమ్ము 381 కలిపితే 621.5 మి.మీ.

195/65 ఆర్15: 634.5. 2.1 శాతం పెద్దది. మీటరు 80 చూపిస్తే అసలు వేగం దాదాపు 82.
195/60 ఆర్15: 615. ఒక శాతం చిన్నది.
175/65 ఆర్15: 608.5. పైగా లోడ్ ఇండెక్స్ 84, అంటే టైరుకు 500 కిలోలే.

వెడల్పు పెంచితే పట్టు పెరుగుతుందని షాపుల్లో చెప్పే మాట ఎండ రోడ్డు వరకూ కొంత నిజం. నిలిచిన నీళ్లలో వెడల్పు టైరు పడవలా తేలడానికే ఎక్కువ మొగ్గుతుంది. కంపెనీ సైజునే ఉంచాం: 185/65 ఆర్15 88హెచ్. 88 అంటే టైరుకు 560 కిలోలు, హెచ్ అంటే గంటకు 210 కి.మీ. వేగానికి తట్టుకునేది.

పక్కగోడ మీద చూసినవి:

1. ఐఎస్ఐ గుర్తు. అది లేని టైరును ముట్టుకోలేదు.
2. తయారీ తేదీ. నాలుగంకెల ముద్రలో మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం.
3. ట్రాక్షన్ ఏఏ, ఏ, బీ లేదా సీ. తడి రోడ్డు మీద తిన్నగా ఆగే పరీక్షలోంచి వచ్చిన గ్రేడు ఇది. మలుపు సంగతి చెప్పదు.
4. ట్రెడ్‌వేర్ అంకె. ఎక్కువైతే ఎక్కువ కాలం అరగదని. కంపెనీలు తమ అంకె తామే ఇచ్చుకుంటాయి కాబట్టి ఒకే కంపెనీ టైర్ల మధ్య పోల్చడానికే పనికొస్తుంది.

చివరికి మిగిలినవి ఒకే కంపెనీవి రెండు: ఒకదానికి ట్రెడ్‌వేర్ 560, ఇంకోదానికి 400. రెండింటికీ ట్రాక్షన్ ఏ. మొదటిది లక్ష కిలోమీటర్ల ఆశ చూపిస్తుంది. రెండోదానికి నాలుగు నిలువు గాడులు, వెడల్పుగా ఉన్నాయి. ఈ కారు ఏడాదికి తిరిగేది 8,000 కి.మీ. లోపే, టైరు అరిగేలోపు వయసు మీద పడి రబ్బరు గట్టిపడుతుంది. కాబట్టి 400దే తీసుకున్నాం. రోజుకు 200 కి.మీ. తిరిగే ట్యాక్సీకైతే ఈ లెక్క తిరగబడుతుంది.

బీఈఈ (కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ) నక్షత్రాల లేబుల్ ఇంధన పొదుపు గురించి. దాన్ని తడి పట్టుకు కొలబద్దగా తీసుకోవద్దు.

ధర ఒక్కోటి రూ. 5,600, జీఎస్టీతో కలిపి. 2025 సెప్టెంబరు 22 నుంచి కారు టైర్ల మీద పన్ను 28 నుంచి 18 శాతానికి తగ్గింది. బిల్లులో ఆ గీత చూసుకోండి.

తేడా కొట్టిన చోటు: షాపులో దించిన నాలుగింటిలో మూడింటి మీద 2825, నాలుగోదాని మీద 3923. ‘మోడల్ ఒకటే కదండీ’ అన్నారు. రెండేళ్లు గోడౌనులో ఉన్న టైరు చెడిపోయిందని కాదు, కొత్త ధర దానికి ఇవ్వనక్కర్లేదు, అంతే. రెండు రోజులు ఆగితే 3025 వచ్చింది. బిగించాక ఈ ముద్ర లోపలి వైపు పడే అవకాశం ఉంది, అందుకే ముందే చూడాలి.

పాతవాటిలో వెనక కుడిదాన్ని స్టెప్నీగా ఉంచి, మిగిలిన మూడూ పాత స్టెప్నీ ఇచ్చేస్తే ఒక్కోదానికి రూ. 300.

ఇప్పటిదాకా: 2,550 + 22,400 − 1,200 = రూ. 23,750

దశ 6: బిగింపు

క్రమం:

1. ముందు టై రాడ్ ఎండ్ మార్పు. కూలితో రూ. 1,500. దీన్ని వదిలేసి కొత్త టైర్లు వేస్తే ఆరు నెలల్లో లోపలి అంచు మళ్లీ పోతుంది.
2. రిమ్ము అంచు తుప్పు, పాత రబ్బరు బ్రష్షుతో గీకడం. సన్నగా గాలి కారడం చాలాసార్లు ఇక్కడి నుంచే.
3. కొత్త వాల్వులు, నాలుగుకు రూ. 240. పాత వాల్వు రబ్బరుకూ టైరంత వయసే.
4. టైరు మీది పసుపు చుక్క వాల్వు పక్కనే రావాలి. అది టైరులో తేలికైన చోటు, వాల్వు బరువు దాన్ని కొంత సర్దుతుంది.
5. బ్యాలెన్సింగ్, బిగింపు, నాలుగుకు రూ. 1,000.
6. అలైన్‌మెంట్ రూ. 600. ముందు టో మొత్తం 4 మి.మీ. బయటికి ఉంది. దాన్ని అర మి.మీ. లోపలికి ఉండేలా తెచ్చారు. ఉండాల్సింది సున్నాకు అటూ ఇటూ ఒకటి.

రెండు తప్పులు దొరికాయి. ఈ టైరుకు లోపల, బయట వేరు. ‘అవుట్‌సైడ్’ అన్న అక్షరాలు బయటికి కనపడాలి. ముందు కుడి చక్రంలో అవి కనపడలేదు. వెంటనే తిప్పించాం. బాణం గుర్తున్న టైరైతే బాణం ముందుకు తిరిగే దిశలో ఉండాలి.

రెండోది నట్లు. గాలి గన్నుతో ఎంత బిగించారంటే, డిక్కీలో ఉన్న స్పానరుతో ఒక్కటీ కదల్లేదు. అర్ధరాత్రి కాజ టోల్‌గేట్ దగ్గర పంక్చరైతే స్టెప్నీ ఉండీ లేనట్టే. అన్నీ వదిలించి, ఎదురెదురు నట్ల వరసలో టార్క్ రెంచితో ఈ కారు మాన్యువల్ చెప్పిన 100 న్యూటన్ మీటర్లకు బిగించాం. రెంచి లేకపోతే అంచనా: 25 సెం.మీ. పిడి చివర 40 కిలోల బరువు పెట్టినంత. 80 కి.మీ. తర్వాత మళ్లీ చూస్తే ఒక నట్టు పావు చుట్టు తీసుకుంది.

ఇప్పటిదాకా: 23,750 + 1,500 + 240 + 1,000 + 600 = రూ. 27,090

దశ 7: కొత్త కొలత, ఆ తర్వాత వణుకు

కొత్త టైరు మీద అచ్చు నుంచి ఊడిరావడానికి పూసిన జిడ్డు పలచగా ఉంటుంది. 200 కి.మీ. మెల్లగా తిప్పాకే పరీక్ష. అదే రోడ్డు, ఊడ్చి కడిగి, 33 పీఎస్‌ఐ, వేగం 40: 10.8, 10.4, 10.6. సగటు 10.6 మీ. పాతవాటి కన్నా 2.3 మీటర్లు తక్కువ. ఒక కారు, మూడేసి సార్లు చేసిన పరీక్ష మాత్రమే ఇది. నీళ్లు రూ. 700.

700 కి.మీ. దగ్గర, 85 దాటగానే స్టీరింగులో వణుకు. అనుమానం మొదట బ్యాలెన్సింగ్ మీదికి పోయింది. ముందు రెండూ తీసి మిషన్ మీద పెడితే ఎడమది 45 గ్రాములు, కుడిది 30 తేడా చూపింది. కొత్త సీసం ముక్కలు అంటించి వచ్చేశారు, రూ. 200. రెండు రోజులు బాగుంది, మూడో రోజు మళ్లీ వణుకు.

అసలు కారణం రిమ్ము లోపలి వైపు. వానకు డొంకరోడ్డు దిగినప్పుడు పట్టిన నల్లరేగడి లోపలి పళ్లెంలో ఒకవైపు పేరుకుని ఇటుకలా ఎండింది. ఆ మట్టిని కలుపుకునే బ్యాలెన్స్ చేశారు. కొంత రాలిపోగానే లెక్క తప్పింది. చక్రాలు విప్పి, నీటి గన్నుతో లోపలంతా కడిగి, ఆ కొత్త ముక్కలు పీకేస్తే వణుకు పోయింది. ఆ రూ. 200 దండగ. ముందు కడగండి, తర్వాతే మిషన్.

ఇప్పటిదాకా: 27,090 + 700 + 200 = రూ. 27,990. పరీక్ష నీళ్లు, గేజిలు తీసేస్తే రూ. 24,740.

దశ 8: లంబసింగి

విజయవాడలో 18 డిగ్రీల దగ్గర 33 పెట్టి బయల్దేరిన టైర్లు, మర్నాడు తెల్లవారుజామున లంబసింగిలో 4 డిగ్రీల దగ్గర 32.3 చూపించాయి. 14 డిగ్రీల చలికి రెండు పైచిలుకు పడాలి కదా? సుమారు 1,000 మీటర్ల ఎత్తులో బయటి పీడనం 14.7 నుంచి 13కు తగ్గుతుంది. గేజి చూపించేది లోపలికి, బయటికి తేడానే కాబట్టి ఆ మేరకు పైకి లేస్తుంది. రెండూ కలిసి దాదాపు చెల్లుకు చెల్లు. అక్కడ గాలి ముట్టుకోలేదు.

ఘాట్‌లో ఇబ్బంది గాలిది కాదు, చెట్ల నీడన ఎండ తగలని మలుపుల్లో ఆకుల కింది తడిది. దిగేటప్పుడు రెండో గేరు, బ్రేకు మలుపుకు ముందే.

2,000 కి.మీ. దగ్గర

ముందు ఎడమ: 7.5 / 7.5 / 7.5
ముందు కుడి: 7.5 / 7.6 / 7.5
వెనక రెండూ: 7.8 అంతటా
పొద్దున గాలి: 32.6, 32.8, 32.5, 31.2

వెనక కుడి మిగతావాటి కన్నా ఒకటి పైగా తక్కువ. సబ్బు నీళ్లు పోస్తే రిమ్ము అంచున బుడగలు. దశ 6లో గీకిన తుప్పు అక్కడ సరిగా పోలేదు. టైరు అంచు విప్పి మళ్లీ గీకించాలి. ముందువి వెనక్కి, వెనకవి ముందుకు మార్చేది 5,000 దగ్గర, అదే పక్కన.